జవాబు చెప్పే అధికారం ఎవరిది?

బహిరంగ సభలో గంటసేపు తడుముకోకుండా మాట్లాడే కమ్యూనిస్టు నాయకుడు టీవీ స్టూడియోలో నాలుగు నిమిషాలు నిలబడలేకపోతున్నాడు. ఎందుకని? కూలి రేటు గురించీ, పోడు పట్టాల గురించీ, ఆశా కార్యకర్తల జీతాల గురించీ మాట్లాడే గొంతు రాత్రి ఎనిమిది గంటల చర్చలో ఓడిపోతుంటే నష్టం ఒక్క పార్టీకే కాదు. అందుకే ఈ ప్రశ్నను తేలిగ్గా వదిలేయలేకపోతున్నాను.

దీని మీద వాదించుకుంటున్నవాళ్లు ఇద్దరు. బాబాయి ఖమ్మం జిల్లాలో దశాబ్దాల పాటు సీపీఎం హోల్‌టైమర్‌గా పనిచేసి, వయసు మీదపడి ఇంటిపట్టున ఉంటున్నారు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. హైదరాబాద్‌లో న్యూస్ ఛానళ్లలో చర్చా కార్యక్రమాలకు ప్రొడ్యూసర్‌గా చేసింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఈ విషయంలో మాత్రం ఒకరి మాట ఒకరికి గిట్టదు.

బాబాయి: ముందు మీ వృత్తి సంగతి తేల్చుకుందాం. స్టూడియోలో అడిగే ప్రశ్న ఎవరు తయారు చేస్తారు? మావాడు పింఛను పెంచాలంటాడు. నోట్లో మాట నోట్లో ఉండగానే "డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?" అంటాడు యాంకర్. 2019 సెప్టెంబరు 20న కేంద్రం కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి దించింది. ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని ఆర్థిక మంత్రే చెప్పారు. ఆ రాత్రి మీ యాంకర్లలో ఎంతమంది ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారని అడిగారు? సెన్సెక్స్ ఎగిరిందని పండగ చేశారు.

అమ్మాయి: అడగలేదు బాబాయ్. అడగాల్సింది. కానీ "డబ్బు ఎక్కడిది" అన్న ప్రశ్న మీకు ఈరోజు కొత్తగా ఎదురవుతోందా? ఎప్పటి నుంచో ఎదురవుతున్నదే. వస్తుందని తెలిసిన ప్రశ్నకు కూడా మీవాళ్లు 1991 ఆర్థిక సంస్కరణల దగ్గర మొదలుపెడతారు. అక్కడి నుంచి ప్రపంచ బ్యాంకు, ఆ తర్వాత నయా ఉదారవాదం. పింఛను దాకా వచ్చేసరికి బ్రేక్. నువ్వు ఇప్పుడు నాతో అన్నమాటే ఆయన మొదటి వాక్యంలో అనొచ్చు కదా! నీకు ఇరవై సెకన్లు కూడా పట్టలేదు.

బాబాయి: నాకు ఎదురుగా నువ్వున్నావు, నా మాట పూర్తిగా వింటావు కాబట్టి పట్టలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడేవాడికి వివరణ అవసరం లేదమ్మా. "పెట్టుబడులు రావాలి" అంటే చాలు, అందరూ తలూపుతారు. ఎందుకు రావాలి, ఎవరికి రావాలి అని ఎవరూ అడగరు. దాన్ని మార్చాలనేవాడు మాత్రం ముందు జనం తలలో ఉన్నదాన్ని కదిలించాలి, తర్వాత తన మాట చెప్పాలి. రెండు పనులకూ కలిపి మీరిచ్చే సమయం అవతలివాడి ఒక్క పనికి ఇచ్చినంతే. ఆపైన మైకు మీ చేతిలో, వాల్యూమ్ మీ చేతిలో. ఆ ఛానళ్లయినా ఎవరివి? 2014లో నెట్‌వర్క్ 18 రిలయన్స్ చేతికి పోయింది. 2022లో ఎన్డీటీవీ అదానీ చేతికి పోయింది. ఇక తెలుగు ఛానళ్లలో ఏది ఏ పార్టీ మాట మోస్తుందో పసిపిల్లాడికీ తెలుసు.

అమ్మాయి: యాజమాన్యాల సంగతి కాదనను. కానీ మీకు అనుకూలమైన కాలం ఎప్పుడుంది చెప్పు? శత్రువు శత్రువుగానే ఉన్నాడని ఫిర్యాదు చేసే ఉద్యమం నాకు అర్థం కాదు.

బాబాయి: ఎప్పుడూ లేదు. అదే నేను చెప్పేది. 1955 చూడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మొదటి ఎన్నికలు. కమ్యూనిస్టులు గెలుస్తారని ఢిల్లీ దాకా భయం. ఎస్.కె. పాటిల్ దిగాడు. కాంగ్రెసును, రంగా గారి కృషికార్ లోక్ పార్టీని, ప్రజాపార్టీని ఒక్క తాటి మీదికి తెచ్చారు. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రప్రభ కత్తి కట్టింది. కమ్యూనిస్టులొస్తే ఆడవాళ్లకు మానం ఉండదని, గుళ్లు ఉండవని, ఎకరం ఉన్నవాడి ఎకరం కూడా లాక్కుంటారని ఊరూరా ప్రచారం. మా నాన్న చెప్పేవాడు, పక్కింటివాళ్లే వచ్చి "నిజమేనా" అని అడిగేవాళ్లట. 196 సీట్లలో మాకొచ్చినవి 15. అప్పుడు టీవీ లేదు, తడబడిన ఇంటర్వ్యూ లేదు. మా వక్తలు ఆ రోజుల్లో రాష్ట్రంలోనే దిట్టలు. శ్రీశ్రీ అంతటివాడు ప్రచారం చేశాడు. మరి ఎందుకు ఓడాం?

అమ్మాయి: అదే ఎన్నికల్లో మీకు వచ్చిన ఓట్లెన్ని?

బాబాయి: ముప్పై ఒక్క శాతం.

అమ్మాయి: 1952లో వచ్చినదానికంటే ఎక్కువ. అప్పుడు ఆంధ్ర జిల్లాల్లో 41 సీట్లు గెలిచారు. ఓట్లు పెరిగి సీట్లు పడిపోయాయంటే, అంత విషప్రచారం జరిగినా మీ జనం మిమ్మల్ని వదల్లేదన్నమాట. ఓడించింది అవతలివాళ్లు ఏకం కావడం. ఇంకో సంగతి కూడా నువ్వు దాటేశావు. ఎన్నికలకు కొద్దివారాల ముందు, రిపబ్లిక్ దినోత్సవం నాడు, మాస్కోలో ప్రావ్దా పత్రిక నెహ్రూ విదేశాంగ విధానాన్ని పొగుడుతూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దాన్ని అచ్చేసి ఊరూరా పంచింది. "మీ రష్యావాళ్లే మా నెహ్రూను మెచ్చుకుంటున్నారు, మీరెందుకు తిడుతున్నారు?" అని అడిగితే ఊళ్లో కార్యకర్త ఏం చెప్పాలి? చెప్పే అధికారం అతనికి లేదు. జవాబు పైనుంచి రావాలి. నా వాదనంతా ఇదే బాబాయ్. స్టూడియోలో మీవాళ్లు తడబడేది కెమెరాను చూసి కాదు. ఆ ప్రశ్నకు పార్టీ లోపలే జవాబు తేలలేదు. తేలని సంగతిని చూపించి అడుగుతాడు యాంకర్. అది చెప్పే అధికారం కుర్చీలో కూర్చున్నవాడికి ఉండదు.

బాబాయి: ప్రావ్దా సంగతి ఒప్పుకుంటా. ఆ దెబ్బ బయటివాళ్లు కొట్టింది కాదు. కానీ నీ సిద్ధాంతం ప్రపంచమంతా పనిచేస్తుందా? బ్రిటన్లో జెరెమీ కార్బిన్‌ను తీసుకో. 2015 సెప్టెంబరులో లేబర్ పార్టీ సభ్యులు దాదాపు అరవై శాతం ఓట్లతో ఎన్నుకున్నారు. కమిటీ అనుమతి కోసం ఎదురుచూసేవాడు కాదు. అయినా ఏం చేశారు? లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు ఆయన నాయకుడైన మొదటి రెండు నెలల్లో ఎనిమిది పత్రికలు రాసినవి పరిశీలించి 2016లో నివేదిక ఇచ్చారు. సగానికి పైగా వార్తల్లో అసలు ఆయన అభిప్రాయమే లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవి నూటికి పదకొండు. ఆయన మాట జనానికి చేరకముందే ఆయన మీద తీర్పు చేరింది. దీనికి పార్టీ లోపలి జవాబుతో ఏం పని?

అమ్మాయి: ఆ నివేదిక నేనూ చదివాను. అందులో ఉన్నది అన్యాయమే. కానీ అవే పత్రికలు ఉండగానే 2017 ఎన్నికల్లో ఆయన పార్టీకి 40 శాతం ఓట్లొచ్చాయి, కన్సర్వేటివ్‌లకు మెజారిటీ పోయింది. రెండున్నరేళ్లకు, 2019 డిసెంబరులో, అదే నాయకుడు, అవే పత్రికలు. 32 శాతానికి, 202 సీట్లకు పడిపోయారు. పత్రికలు మారలేదు. మరి మారిందేమిటి?

బాబాయి: బ్రెగ్జిట్.

అమ్మాయి: అవును. యూరప్‌లో ఉండాలా, బయటికి రావాలా? 2019లో ఆయన జవాబు ఏమిటంటే, కొత్త ఒప్పందం తెస్తాం, దాని మీద మళ్లీ ప్రజాభిప్రాయం అడుగుతాం, అప్పుడు నేను తటస్థంగా ఉంటాను. ఉత్తరాన పాత గనుల ఊళ్లలో లేబర్ ఓటర్లు బయటికి రావాలన్నారు. నగరాల్లో చదువుకున్న లేబర్ ఓటర్లు ఉండాలన్నారు. పార్టీ నిట్టనిలువునా చీలింది. ఆ చీలికను దాచడానికి తయారైన వాక్యం అది. ఏ యాంకర్ అడిగినా అది నిలబడదు.

ఇక ఆండ్రూ నీల్ ఇంటర్వ్యూ. నవంబరు 26, బీబీసీ. ఆ ఉదయమే యూదుల ప్రధాన మతగురువు లేబర్ పార్టీలో యూదు ద్వేషం పెరిగిందని టైమ్స్‌లో వ్యాసం రాశాడు. నీల్ అడిగింది ఒకటే: యూదు సమాజానికి క్షమాపణ చెబుతారా? నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ కార్బిన్ మా పార్టీ అందరికీ భద్రత కల్పిస్తుందని, ద్వేషాన్ని సహించదని చెప్పాడే తప్ప ఆ ఒక్క మాట అనలేదు. వారం తిరిగేసరికి ఐటీవీ ఉదయపు కార్యక్రమంలో కూర్చుని క్షమాపణ చెప్పాడు. అంతకుముందు ఏడాది కూడా చెప్పి ఉన్నాడు. మరి ఆ రాత్రి ఏం అడ్డొచ్చింది?

బాబాయి: నేను చెబుతాను ఏం అడ్డొచ్చిందో. అవతలివాడు మోకాళ్ల మీద కూర్చోమంటున్నాడు. క్షమాపణ చెబితే అరగంటకు "నేరం ఒప్పుకున్న కార్బిన్" అని వస్తుంది. చెప్పకపోతే "నిరాకరించిన కార్బిన్" అని వస్తుంది. రెండువైపులా ఉచ్చే. జీవితమంతా జాతి వివక్షకు వ్యతిరేకంగా వీధుల్లో నిలబడ్డవాడికి, ఆ ప్రశ్న అడిగే హక్కు నీకెక్కడిదన్న కోపం వస్తుంది. నేనైతే లేచి వచ్చేసేవాణ్ని. ఇంకోటి విను. అదే నీల్ కార్యక్రమానికి బోరిస్ జాన్సన్ అసలు వెళ్లనే లేదు. నీల్ తాను అడగాలనుకున్న ప్రశ్నలను నేరుగా కెమెరాకే చెప్పాడు. జాన్సన్‌కు ఏమైంది? 80 సీట్ల ఆధిక్యంతో గెలిచాడు. వెళ్లి కూర్చుని జవాబు చెప్పబోయినవాడు ఓడాడు. వెళ్లనివాడు ప్రధానిగా కొనసాగాడు. ఇందులో నాయకత్వ లోపం ఎవరిది?

అమ్మాయి: ఆ లెక్క అన్యాయంగానే ఉంది, నా దగ్గర దానికి మందు లేదు. జాన్సన్ ఎగ్గొట్టగలిగాడు, కార్బిన్ ఎగ్గొడితే పిరికివాడనేవాళ్లు. కానీ నువ్వన్న ఆ కోపం ఉంది చూడు, అక్కడే మనిద్దరికీ తేడా. నీల్ ఎదురుగా ఉన్నమాట నిజం. కార్బిన్ మాట్లాడాల్సింది మాత్రం నీల్‌తో కాదు. ఇంట్లో కూర్చుని భయపడుతున్న యూదు కుటుంబంతో. ఆ కుటుంబానికి చెప్పాల్సిన మాటను, అడిగినవాడి మీది కోపంతో ఆపుకున్నాడు.

ఇక్కడ బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. నాకు తోచింది చెబుతాను. వామపక్ష నాయకులు ఇంటర్వ్యూను ఒక విచారణగా చూస్తారు. దానికి కారణం ఉంది. జైళ్లు చూసిన ఉద్యమం అది. పోలీసు అడిగినదానికి తక్కువ చెప్పడం, తోటివాడి పేరు బయటపెట్టకపోవడం, పార్టీ నిర్ణయాన్ని దాటి ఒక్క మాట కూడా జారకపోవడం తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ప్రాణాలు కాపాడిన అలవాట్లు. ఆ అలవాటు నోటికి పట్టేసింది. విచారణలో ఎదురుగా ఉండేది ప్రశ్నించే అధికారి ఒక్కడే. టీవీలో అతని వెనక మన ఓటరు కూర్చుని ఉంటాడు. రెండింటికీ ఒకే నోరు పనికిరాదు.

అమ్మాయి: ఇంతదూరం ఎందుకు, మన తెలంగాణ సంగతే చూద్దాం. 2009 డిసెంబరు 9 తర్వాత మా స్టూడియోలో రోజూ ఒకే ప్రశ్న: తెలంగాణకు మీరు అవునా, కాదా? సీపీఎం నాయకుడు వచ్చేవాడు. "భాషాప్రయుక్త రాష్ట్రాలకు మా పార్టీ సూత్రరీత్యా కట్టుబడి ఉంది, కేంద్రం నిర్ణయం తీసుకుంటే అడ్డుపడం" అనేవాడు. రెండో మాట అడిగితే మళ్లీ అదే. ఆయన ఖమ్మంవాడో నల్లగొండవాడో, ఆయన కొడుకు ఉస్మానియాలో ఉద్యమంలో ఉండేవాడు. ఆయన కళ్లల్లో కనబడేది, సొంతంగా ఏమనుకుంటున్నాడో. చెప్పలేడు. ఆ మనిషిని అలా చూడటం నాకు కష్టంగా ఉండేది బాబాయ్.

బాబాయి: మాకు మాత్రం కష్టంగా లేదా? కానీ ఆ వైఖరి ఎవరి బుర్రలోంచో ఊడిపడలేదు. సుందరయ్య గారు 1946లోనే విశాలాంధ్ర కోసం పుస్తకం రాశారు. తెలుగు మాట్లాడేవాళ్లందరికీ ఒక రాష్ట్రం ఉండాలని ముందు గొంతెత్తినవాళ్లం మేము. గాలి మళ్లిందని సూత్రం మార్చుకుంటే రేపు ఏ సూత్రం మిగులుతుంది? సరే, నీ మాటే నిజమనుకుందాం. స్పష్టంగా చెప్పకపోవడం వల్ల మునిగాం. మరి సీపీఐ? వాళ్లు తెలంగాణకు సూటిగా అవునన్నారు. ఉద్యమంలో కలిసి నడిచారు. 2014 ఎన్నికల్లో వాళ్లకెన్నొచ్చాయి? దేవరకొండ ఒక్కటి. మాకెన్ని? భద్రాచలంలో సున్నం రాజయ్య ఒక్కడు. అవునన్నవాళ్లకూ ఒకటే, అవునూ కాదూ అనని మాకూ ఒకటే. పైగా గెలిచిన వాళ్ల ఎమ్మెల్యే రెండేళ్లకు టీఆర్ఎస్‌లోకి వెళ్లిపోయాడు. మా రాజయ్య బస్సులో తిరుగుతూ, బస్సులోనే అసెంబ్లీకి వచ్చిపోతూ చివరిదాకా పార్టీలోనే ఉన్నాడు. ఇప్పుడు చెప్పు, స్పష్టత వల్ల ఒరిగిందేమిటి?

అమ్మాయి: దెబ్బ గట్టిదే. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. నాకు తోచేది చెబుతాను. సీపీఐ అవునంది, నిజమే. కానీ ఆ ఉద్యమానికి ముఖం ఇంకొకరు. వీళ్లు వెనక నడిచారు. మాట స్పష్టంగా ఉన్నంత మాత్రాన నాయకత్వం రాదు, ముందు నిలబడి ఆ భారం మోయాలి. మీ ఉద్యమాల చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ జరిగింది. 2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్. కరెంటు ఛార్జీల మీద పోరాటం నడిపింది వామపక్షాలు. కాల్పుల్లో చనిపోయింది మీ పిల్లలు. 2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టి ఆ పోరాట ఫలాన్ని ఇంటికి తీసుకెళ్లింది రాజశేఖరరెడ్డి. ఉపాధి హామీ కూడా అంతే. 2005లో చట్టం వచ్చిందంటే బయటి నుంచి మద్దతిచ్చిన మీ ఒత్తిడి ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైతే వేదిక మీద మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ. ఆ పనికి పోయిన కూలీని అడుగు, ఇది ఎవరు తెచ్చారని. మీ పేరు చెప్పేవాళ్లు ఎంతమంది?

బాబాయి: పేరు కోసం చేయలేదు.

అమ్మాయి: ఆ మాట గొప్పగా ఉంటుంది. కానీ పేరు లేకపోతే ఓటు లేదు, ఓటు లేకపోతే వచ్చేసారి ఒత్తిడి పెట్టే బలం లేదు. అదే జరిగింది కదా! 2004లో వామపక్షాలకు లోక్‌సభలో 59 మంది ఉన్నారు. 2008 జులైలో అణు ఒప్పందం మీద మద్దతు ఉపసంహరించుకున్నారు. ఆ ఒప్పందం మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టు. మధిరలో ఒక కూలీ తల్లికి "అందుకే ప్రభుత్వాన్ని వదిలేశాం" అని ఒక్క వాక్యంలో చెప్పగలిగారా? ఆ ఏడాది బియ్యం, పప్పుల ధరలు మండుతున్నాయి. ఆ ధరల మీద వదిలేసి ఉంటే ఏ యాంకర్ అడిగినా ఆ తల్లే మీ తరఫున జవాబు చెప్పేది. 2009లో 24 మంది మిగిలారు.

బాబాయి: అప్పుడు నేనూ మా జిల్లా సమావేశంలో ఆ మాటే అన్నాను. రాసుకున్నారు. (కాసేపాగి) ఆ ముందు ఏడాది ఇంకా కష్టం. 2007 జులై 28న ముదిగొండలో ఇళ్ల స్థలాల కోసం కూర్చున్న మావాళ్ల మీద కాల్పులు జరిగాయి. శవాలు మోశాను. ఆ దుఃఖంలో మాట్లాడుతుంటే అడిగేవాళ్లు, "మార్చిలో బెంగాల్ నందిగ్రామ్‌లో మీ ప్రభుత్వం కాల్చి 14 మందిని చంపింది కదా" అని. నాకు నోరు పెగిలేది కాదు. పై నుంచి వచ్చిన జవాబేమో, అక్కడి పరిస్థితి వేరు, అది ప్రతిపక్షాల కుట్ర అని. ఆ జవాబు నేను చెప్పాను కూడా. ఎవరూ నమ్మలేదు. నవంబరులో అక్కడి ముఖ్యమంత్రి బుద్ధదేవ్ గారు పత్రికలవాళ్ల ముందు, ప్రతిపక్షంవాళ్లు చేసిందే వాళ్లకు తిరిగి వచ్చిందన్న అర్థంలో అన్నారు. ఆ రోజు పేపర్ మడిచి పెట్టేశాను.

అమ్మాయి: నువ్వు ఆరోజు "నందిగ్రామ్‌లో జరిగింది కూడా తప్పే, ముదిగొండలో జరిగింది కూడా తప్పే" అని ఉంటే?

బాబాయి: నా మీద చర్య తీసుకునేవాళ్లు. కానీ జనం నమ్మేవాళ్లు.

అమ్మాయి: బాబాయ్, నేను ఇంతసేపూ చెబుతున్నది అదే.

బాబాయి: అదొక్కటే అయితే ఒప్పుకునేవాణ్ని. కానీ నువ్వు ఆ క్రమశిక్షణను మొత్తంగా తీసేయమంటున్నావు. అది తీసేస్తే మిగిలేదేమిటో చుట్టూ చూడు. నాయకుడు చెప్పిందే లైను, నాయకుడి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. వాళ్లు ఇంటర్వ్యూలో తడబడరు, నిజమే. రాత్రి ఒకమాట, పొద్దున ఒకమాట అయినా అడిగేవాడుండడు. మా పార్టీలో జ్యోతిబసు అంతటివాణ్ని 1996లో ప్రధానమంత్రి కమ్మని దేశమంతా అడిగితే కేంద్ర కమిటీ వద్దంది. ఆయన తలవంచాడు. ఆయన దాన్ని చారిత్రక తప్పిదం అన్నాడు, పార్టీలోనే ఉండి, బయటికి చెప్పి, అయినా పార్టీ వదలకుండా. ఏ ఇతర పార్టీలో అయినా చూశావా? సుందరయ్య గారు ప్రధాన కార్యదర్శిగా ఉండి పార్టీ పంథాతో విభేదించి 1976లో పదవి వదిలేశారు. కొత్త పార్టీ పెట్టలేదు. తర్వాత గన్నవరం ఎమ్మెల్యేగా పనిచేసుకున్నారు. అలాంటి మనుషులను తయారు చేసింది కూడా ఆ క్రమశిక్షణే.

అమ్మాయి: ఆ మనుషులంటే నాకు గౌరవం, మాటవరసకు అనడం లేదు. కానీ అదే క్రమశిక్షణ ఏచూరిని ఏం చేసింది? మన కాకినాడ కుటుంబం మనిషి. ఎమర్జెన్సీ తర్వాత ఇందిరాగాంధీ ఇంటి ముందే నిలబడి, విశ్వవిద్యాలయ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేయాలన్న వినతిపత్రాన్ని ఆమె వింటుండగా చదివినవాడు. తెలుగు, హిందీ, బెంగాలీ, ఇంగ్లిష్, ఏ స్టూడియోలోనైనా నవ్వుతూ కూర్చునేవాడు. 2015 మార్చిలో రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాద తీర్మానం మీద రాజ్యసభలో ప్రభుత్వాన్ని ఓడించి సవరణ నెగ్గించుకున్నది ఆయనే. 2017లో మూడోసారి ఆయన్ను రాజ్యసభకు పంపడానికి కాంగ్రెస్ మద్దతిస్తానంది. కేంద్ర కమిటీ ఓటు వేసి వద్దంది. రెండుసార్లకు మించి వద్దన్నది నియమం, కాంగ్రెస్ మద్దతు తీసుకోకూడదన్నది పంథా. ప్రధాన కార్యదర్శినే పార్లమెంటుకు పంపకూడదని నిర్ణయించుకున్న పార్టీ, మాకు మీడియాలో చోటు లేదని బాధపడితే ఎలా?

బాబాయి: ఏచూరి పేరెత్తావు కాబట్టి అడుగుతున్నా. అంత బాగా మాట్లాడేవాడు 2015లో విశాఖ మహాసభలో ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 2019లో మా సీట్లు 3. మాట బాగుంటే పార్టీ పెరుగుతుందన్న మీ టీవీవాళ్ల నమ్మకం తప్పని ఆయనే రుజువు. ఇంకో పక్క కేరళలో పినరయి విజయన్. 2017లో తిరువనంతపురంలో విలేకరులను గదిలోంచి బయటికి పొమ్మన్నాడు. దేశమంతా తిట్టింది. 2021లో 140 సీట్లకు 99 తెచ్చుకుని రెండోసారి గెలిచాడు. మాట తీరుకూ గెలుపుకూ సంబంధం నాకైతే కనబడదు.

అమ్మాయి: విజయన్ 2021లో గెలవడానికి కారణాల్లో 2020లో కరోనా వేళ ఆయన సాయంత్రం పెట్టిన ప్రెస్ మీట్లు ఒకటి. రేషన్ కిట్టు ఎప్పుడొస్తుంది, ఏ జిల్లాలో ఎన్ని కేసులు అని ఇంటింటా కూర్చుని చూశారు. ఎందుకంటే ఆ జవాబులు ఆయన చేతిలో ఉన్నవి. తాను చేస్తున్న పని గురించి తానే చెబుతున్నాడు. ఏచూరికి మాట ఉంది, అధికారం లేదు. ఆయన కాంగ్రెస్‌తో అవగాహన కావాలన్నాడు, పార్టీలో సగం వద్దంది, 2018 హైదరాబాద్ మహాసభ దాకా అదే గొడవ. అంత బాగా మాట్లాడేవాడు కూడా "కాంగ్రెస్‌తో కలుస్తారా లేదా" అంటే గుండ్రంగా తిరగాల్సి వచ్చింది.

బ్రిటన్లోనే ఇంకో మనిషి ఉన్నాడు, మిక్ లించ్, అప్పటి రైల్వే కార్మికుల యూనియన్ నాయకుడు. 2022 జూన్‌లో సమ్మె. ప్రతి ఛానలూ ఉతికేద్దామని పిలిచింది. మీరు మార్క్సిస్టా అని ఒకడు అడిగాడు, చెత్త ప్రశ్న అని తోసేశాడు. బయటి కూలీలు లోపలికి పోతే ఏం చేస్తారు, కొడతారా అన్నట్టు ఒకామె అడిగింది. వెనక్కి తిరిగి ప్రశాంతంగా నిలబడ్డ తన పికెట్‌ను చేత్తో చూపించాడు. అంతే. ఆయనేమీ పెద్ద వక్త కాదు. నెల ముందు యూనియన్ ఓటింగ్ పెట్టింది. 71 శాతం ఓటేశారు, వాళ్లలో 89 శాతం సమ్మెకు అవునన్నారు. తనవాళ్లకు ఏం కావాలో ఆయనకు ఖాయంగా తెలుసు. యాంకర్ ఎంత తోసినా ఆ నేల కదల్లేదు.

బాబాయి: యూనియన్‌ది ఒకే ప్రశ్న, జీతం. దేశాన్ని ఏలాలనుకునే పార్టీకి వంద ప్రశ్నలు. పోలిక కుదరదు. అమెరికాలో బెర్నీ శాండర్స్ 2019లో ఫాక్స్ న్యూస్ సభకు వెళ్లాడు కదా, నువ్వే పంపావు ఆ వీడియో. ఉద్యోగం ఇచ్చే బీమా వదిలి ప్రభుత్వ బీమాకు మారేవాళ్లెవరని యాంకర్ ఉచ్చు పన్నితే సభలో చప్పట్లు మోగాయి. సంతోషించాను. 2020లో పార్టీ టికెట్ మాత్రం బైడెన్‌కు పోయింది.

అమ్మాయి: పోయింది. ఇంటర్వ్యూ గెలిస్తే ఎన్నిక గెలుస్తారని నేననలేదు బాబాయ్. ఓడినా మాట మిగిలింది. ప్రభుత్వ వైద్యం గురించి ఆ దేశంలో ఎవరు మాట్లాడినా ఇప్పుడు ఆయన పెట్టిన చోటే మొదలుపెడతారు.

బాబాయి: సరే, నన్ను ఏం చేయమంటావు? పార్టీ ఆఫీసులో ఇంకా నా మాట వినేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు.

అమ్మాయి: 2023 డిసెంబరులో ఆంధ్రలో అంగన్‌వాడీల సమ్మె గుర్తుందా? 42 రోజులు. ఎస్మా పెట్టారు, తీసేస్తామని నోటీసులిచ్చారు. ఆ శిబిరాల దగ్గర మైకు పెడితే ఆ ఆడవాళ్లు ఎంత సూటిగా మాట్లాడారు! గ్రాట్యుటీ ఎందుకు కావాలో, పెంచిన జీతంలో ఏ పథకాలు కోసేశారో రూపాయల్లో చెప్పారు. ఒక్కరు కూడా 1991 దగ్గర మొదలుపెట్టలేదు. రాత్రి చర్చకు మాత్రం మీ యూనియన్లు ఎవర్ని పంపాయి? రాష్ట్ర కార్యదర్శి స్థాయి పెద్దమనిషిని. ఆ శిబిరంలో మాట్లాడినామెను పంపండి. నిర్ణయం ఆమెది, సమ్మె ఆమెది, జవాబూ ఆమెదే కానివ్వండి. మీ పొలిట్‌బ్యూరోలోకి మొదటి మహిళ, బృందా కారత్, అడుగుపెట్టిందే 2005లో. ఊళ్లలో ఇలాంటి మల్లు స్వరాజ్యాలు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

బాబాయి: పంపుతాం. ఆమె వెళ్లాక యాంకర్, "మీ పార్టీ అధికారంలో ఉన్న చోట అంగన్‌వాడీలకు ఎంతిచ్చారు?" అని అడిగితే, "అది కూడా చాలదు" అంటుంది. అప్పుడు?

అమ్మాయి: అననివ్వు.

బాబాయి: జిల్లా కమిటీలో పెద్ద గొడవ అవుతుంది.

అమ్మాయి: ఆ గొడవ ముందే కమిటీలో పెట్టుకోండి. స్టూడియోకు వచ్చాక ఆమె ఒక్కత్తి మీద పడకుండా.

బాబాయి: ఆదివారం సమావేశం ఉంది. అంటాను. రాసుకోవడం కాదు, ఈసారి ఓటుకు పెట్టమంటాను.